నీళ్లు తియ్యగా ఉండే బొండాల చెట్లు పెంచాలంటే

కొబ్బరి బొండం చప్పగా ఉందంటే అందరూ ముందు చెట్టునే తిడతారు. మా కోనసీమలో "ఇది చప్ప చెట్టండీ, తీసేయండి" అనే మాట మీద కొట్టేసిన చెట్లు నాకు తెలిసే బోలెడున్నాయి. మా దొడ్లో వంటింటి వెనక ఉన్న చెట్టు గురించి నేనూ అదే అనుకున్నాను, ఒక రోజు పనిగట్టుకుని అదే చెట్టు మీద మూడు వేరే వేరే గెలల్లోంచి ఒక్కో కాయ దింపించి వరసగా తాగి చూసేదాకా. పైనున్న లేత గెల కాయలో నీళ్లు కాస్త వగరుగా ఉన్నాయి, తీపి లేదు. మధ్య గెల కాయ తీస్తే ఇది ఆ చెట్టుదేనా అనిపించింది, నోట్లో తీపి చాలాసేపు నిలిచింది. కింది గెల కాయలో కొబ్బరి దట్టంగా పట్టేసింది, నీళ్లు తగ్గాయి, మళ్లీ చప్పదనం. చెట్టు ఒకటే, రోజు ఒకటే, రుచులు మూడు.

అందుకని మొదటే చెప్పేస్తున్నాను. తీపికి మూడు కావాలి: రకం, చెట్టుకు అందే పొటాషు ఎరువూ నీళ్లూ, కోసేటప్పటికి కాయకు నిండిన నెలలు. మొదటిది నాటిన రోజే తేలిపోతుంది, తర్వాత మార్చలేం. మిగతా రెండూ మన చేతిలోనే ఉంటాయి. చాలామంది మొదటిదాని గురించి నర్సరీలో గంటసేపు అడిగి మిగతా రెండిటినీ వదిలేస్తారు.

ఏ రకం వేయాలి

కొబ్బరిలో పొడుగు రకాలు, పొట్టి రకాలు, ఆ రెండిటినీ కలిపిన సంకర రకాలు ఉంటాయి. మన దేశవాళీ కొబ్బరి, అంటే తూర్పు కోస్తా పొడుగు రకం, ఎండుకాయకీ కురిడీకీ (చిప్పలోనే ఎండిన కొబ్బరికీ) పేరున్నది. ఆరేళ్లు, ఒక్కోసారి ఎనిమిదేళ్లు పడుతుంది కాపుకు రావడానికి, తర్వాత 80 ఏళ్లు నిలబడుతుంది. దీని బొండం కూడా బాగానే ఉంటుంది గానీ చెట్టుకీ చెట్టుకీ తేడా ఎక్కువ, ఎందుకంటే పొడుగు రకాలు పక్క చెట్ల పుప్పొడితో కలిసి కాస్తాయి, ఏ విత్తనానికి ఏ తండ్రో చెప్పలేం. పొట్టి రకాలు ఎక్కువగా తమ పుప్పొడితో తామే కాస్తాయి కాబట్టి తల్లి ఎలా ఉంటే పిల్ల దాదాపు అలాగే వస్తుంది. బొండాల కోసం పెంచేవాళ్లకు ఇది చాలా పెద్ద విషయం. మూడు నాలుగేళ్లకే పూత వస్తుంది, నిలబడి చేత్తో గెల అందుకునే ఎత్తులో చాలా ఏళ్లు కాస్తాయి, దింపు మనిషి కోసం ఎదురుచూసే పని ఉండదు.

పొట్టి రకాల్లో నేను మొదట చెప్పేది గంగాబొండం. ఇది మన గోదావరి జిల్లాల సొంత రకం, ఆకుపచ్చ కాయ, బొప్పాయిలా కాస్త పొడుగ్గా ఉంటుంది, పేరులోనే గంగ ఉంది. దీని ఎండుకొబ్బరి తక్కువ, నూనె కోసం ఎవరూ వేయరు. నీళ్ల కోసమే. దీనిలోంచే ఎంపిక చేసి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం గౌతమి గంగ అనే రకాన్ని విడుదల చేసింది. అక్కడి సంకర రకాలు గోదావరి గంగ, వశిష్ట గంగ లాంటి వాటికి కూడా ఒకవైపు గంగాబొండమే. గోదావరి గంగ అంటే మన దేశవాళీకి గంగాబొండాన్ని కలిపినది. బొండంగానూ అమ్ముకోవాలి, ధర పడిపోయినప్పుడు ఎండుకాయగానూ తీసుకోవాలి అనుకునే రైతుకు సంకర రకమే మేలు. ఇంటి దొడ్లో రెండు చెట్లు వేసుకునేవాళ్లకు మాత్రం నేను పొట్టి రకమే చెబుతాను.

రెండోది చౌఘాట్ ఆరెంజ్ డ్వార్ఫ్. కేరళలోని త్రిశూర్ జిల్లా చావక్కాడ్ దీని పుట్టిల్లు, ఇంగ్లీషువాళ్ల నోట్లో ఆ ఊరు చౌఘాట్ అయింది. అక్కడ దీన్ని చెంతెంగు అని, గౌరీగాత్రం అని కూడా అంటారు. కాయ నారింజ రంగు, మట్ట కాడ కూడా నారింజ రంగే. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ 1991లో దీన్ని ప్రత్యేకంగా బొండాల రకంగానే విడుదల చేసింది. ఒక్కో కాయలో సుమారు 350 మిల్లీలీటర్ల నీళ్లు, 100 మిల్లీలీటర్లకు దాదాపు 7 గ్రాముల చక్కెర ఉంటుంది. ఒక్క తీపే లెక్క వేసుకుంటే దీనికి సాటి వచ్చే రకాలు తక్కువ. కానీ చెట్టు సున్నితం. నీళ్ల ఎద్దడి తట్టుకోదు, కొమ్ము పురుగుకీ తెల్లదోమకీ ఇదంటే చాలా ఇష్టం, ఒక ఏడాది బాగా కాసి మరో ఏడాది మొహం చాటేస్తుంది. మనిషి రోజూ తిరిగే చోట వేసుకోవాల్సిన చెట్టు ఇది. ఊరికి దూరంగా ఉన్న పొలంలో వేసి నెలకోసారి వెళ్లి చూస్తానంటే కుదరదు.

మలయన్ పసుపు, నారింజ, ఆకుపచ్చ పొట్టి రకాలు కూడా దొరుకుతాయి, అవీ బాగానే ఉంటాయి.

ఇంక థాయ్‌లాండ్ సువాసన కొబ్బరి గురించి అందరూ అడుగుతున్నారు. వాళ్ల భాషలో నామ్ హోమ్ అంటే వాసన గల నీళ్లని అర్థం. బాస్మతి బియ్యానికి ఆ కమ్మటి వాసన ఇచ్చే పదార్థమే దీని నీళ్లలోనూ ఉంటుంది. రకం నిజంగా గొప్పదే. చిక్కేమిటంటే పక్కన మామూలు కొబ్బరి చెట్లుంటే వాటి పుప్పొడి వచ్చి పడిన కాయలో ఆ వాసన రాదు, చెట్టు అసలైనదే అయినా సరే. కోనసీమలో ఏ గట్టు మీద చూసినా కొబ్బరే కదా, ఇక్కడ దాన్ని నాటి వాసన రాలేదని బాధపడితే లాభం లేదు. చుట్టుపక్కల కొబ్బరి లేని మెట్ట ప్రాంతంలో, బోరు కింద, ఒక్క రకమే గంపగుత్తగా వేయగలిగినవాళ్లు ప్రయత్నించవచ్చు.

మొక్క దగ్గర మోసపోకుండా

నేను ఒకసారి గంగాబొండం అని చెప్పి ఇచ్చిన 20 మొక్కలు తెచ్చి నాటాను. ఆరో ఏడు వచ్చినా పూత లేదు, మొదలు ఏనుగు కాలులా లావెక్కింది. అవి మామూలు పొడుగు రకం. ఆరేళ్ల నీళ్లు, ఎరువు, చాకిరీ, అన్నీ పోయాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఈ భాగం మీద కొంచెం ఎక్కువ సమయం పెడుతున్నాను.

నారింజ, పసుపు రకాల్లో మోసం పట్టుకోవడం తేలిక. మొలక వచ్చినప్పుడే కాడ రంగు చెప్పేస్తుంది. నారింజ రకానికి నారింజ కాడ, పసుపు రకానికి పసుపు కాడ ఉండాలి. కాడ గోధుమ రంగులోనో పచ్చగానో ఉంటే పక్క చెట్టు పుప్పొడి కలిసిందన్నమాట. అది చెడ్డ మొక్క అని కాదు, అలా సహజంగా సంకరం అయిన మొక్క బలంగా పెరిగి బాగా కాయవచ్చు కూడా, కానీ మీరు డబ్బిచ్చింది దానికి కాదు. గంగాబొండానికి ఈ రంగు పరీక్ష పనికిరాదు, ఎందుకంటే అదీ పచ్చే, దేశవాళీ కూడా చాలావరకు పచ్చే. వీలైతే తల్లి చెట్లను చూపించమని అడగండి. లేదా అంబాజీపేట పరిశోధన స్థానంలో, ఏలూరు వైపున్న వేగివాడలోని కొబ్బరి అభివృద్ధి బోర్డు క్షేత్రంలో ముందుగా అడిగి పెట్టుకుని వంతు వచ్చినప్పుడు తెచ్చుకోండి. ఆలస్యం అవుతుందని చిరాకు పడకండి, తప్పు మొక్క నాటితే ఆరేళ్లు ఆలస్యం.

మొక్క వయసు 9 నెలల నుంచి ఏడాది లోపు ఉండాలి. అయిదారు ఆకులు, గట్టి మెడ, ఆకు తొందరగా ఈనెలుగా చీలడం, ఇవి మంచి మొక్క గుర్తులు. పొట్టి రకం మొక్క మెడ సహజంగానే సన్నంగా ఉంటుంది, పొడుగు రకంతో పోల్చి తీసిపారేయకండి. అదే సమయంలో "పొట్టి రకం" అని చెప్పి ఇస్తున్న మొక్క పక్కనున్న దేశవాళీ మొక్క కంటే లావుగా, ఏపుగా ఉంటే అనుమానించండి. నాకు ఆ రోజు ఈ ముక్క ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది, ఏపుగా ఉన్నాయని మురిసిపోయి ఏరి ఏరి అవే తెచ్చుకున్నాను.

నాటడం

దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అందరికీ తెలిసిందే. పొట్టి రకానికి 24, 25 అడుగుల దూరం చాలు, ఎకరానికి 70 దాకా పడతాయి. గొయ్యి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు తీసి, అడుగున రెండు వరసలు కొబ్బరి డొక్కలు పరిచి, పైమట్టి, పశువుల ఎరువు కలిపి సగానికి పైగా పూడ్చి, ఆ మధ్యలో మొక్క పెట్టాలి. చెట్టు పెరిగే కొద్దీ ఏటా కొంచెం మట్టి వేసి నింపుకుంటూ పోతే వేరు గట్టిగా పట్టుకుంటుంది, గాలికి ఒరగదు. లంక భూముల్లో, నీటిమట్టం పైనుండే చోట మాత్రం లోతు గొయ్యి తీస్తే మొక్క కుళ్లిపోతుంది, అక్కడ దిబ్బ చేసి దాని మీద నాటాలి. నల్లరేగడిలో నీరు నిలిస్తే కొబ్బరి బతుకుతుంది గానీ పెరగదు, పక్కన కాలవ తీయకుండా వేయకండి. ఏ నేలయినా మొక్క మెడ దగ్గర మట్టి చేరకుండా చూసుకోవాలి.

మొదటి రెండు వేసవుల్లో నైరుతి వైపు తాటాకో కొబ్బరి మట్టో అడ్డం కట్టండి. తెలంగాణ ఎర్ర నేలల్లో, రాయలసీమలో వేసుకునేవాళ్లు ఇది అస్సలు మరచిపోవద్దు, అక్కడి మే నెల ఎండకు పొట్టి రకం మొక్క ఒక్క వారంలో మాడిపోతుంది. ఇంకో మాట, నీడలో నాటకండి. మామిడి చెట్టు కింద ఖాళీ ఉంది కదా అని పెడితే చెట్టు వెలుతురు కోసం సాగిపోతుంది తప్ప గెల వేయదు. ఆకులో తయారైన చక్కెరే బొండంలోకి దిగేది, ఎండ లేకపోతే ఆ చక్కెర ఎక్కడి నుంచి వస్తుంది?

తీపికి పొటాషు, నీళ్లు

మనవాళ్లు కొబ్బరికి ఎరువు వేయడమే తక్కువ, వేసినా యూరియా వేసి వదిలేస్తారు. ఆకు పచ్చబడుతుంది కాబట్టి పని జరిగినట్టు కనిపిస్తుంది. కానీ బొండం నీళ్లలో ఉండే ఖనిజాల్లో అన్నిటికంటే ఎక్కువ పొటాషియమే. దింపిన ప్రతి గెలతో పాటు మనం చెట్టు దగ్గర్నుంచి పొటాషు మోసుకుపోతున్నాం, అది తిరిగి ఇవ్వకపోతే మొదట కాయ చిన్నదవుతుంది, తర్వాత రుచి పోతుంది. కింది ఆకుల కొనలు ఎండి, రెమ్మల మీద పసుపూ నారింజా మచ్చలు వస్తుంటే చెట్టు పొటాషు అడుగుతున్నట్టే.

ఎదిగిన చెట్టుకు ఏడాదికి సుమారు కిలో యూరియా, 2 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 2 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కావాలి. ఇది ఒక్కసారి కాదు, రెండు సగాలుగా, తొలకరి వానలు పడ్డాక ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరుల్లో మరోసారి. నాటిన మొదటి ఏడు ఇందులో పదో వంతు, రెండో ఏడు మూడో వంతు, మూడో ఏడు మూడింట రెండు వంతులు, నాలుగో ఏటి నుంచి పూర్తిగా. మొదలు దగ్గర కుమ్మరించకండి, తినే వేళ్లు అక్కడుండవు. చెట్టుకు నాలుగైదు అడుగుల దూరంలో పాదులో చుట్టూ చల్లి మట్టిలో కలిపి నీళ్లు పెట్టాలి. పొటాషు కోసం మ్యూరేటే ఎందుకంటే అందులో క్లోరిన్ కూడా ఉంటుంది, కొన్ని పంటలు దాన్ని చూసి జడుస్తాయి గానీ కొబ్బరికి అది కావాలి. మన పెద్దవాళ్లు కొబ్బరి మొదట్లో ఉప్పు వేసేది ఊరికే కాదు, మ్యూరేట్ వేస్తే ఆ పని కూడా అయిపోతుంది.

పశువుల ఎరువు చెట్టుకు 25, 30 కిలోలు, దొరికితే కాస్త వేపపిండి. వానాకాలంలో పాదులోనే జనుమో పిల్లిపెసరో చల్లి పూతకు ముందు కలియదున్నేస్తే అంతకంటే చవకైన ఎరువు లేదు. కొత్త ఆకులు విచ్చుకోకుండా ఒకదానికొకటి అతుక్కుని ముడుచుకుపోతుంటే అది బోరాన్ లోపం, 50 గ్రాముల బోరాక్స్ పాదులో వేయండి, ఎక్కువ వేస్తే విషం. కింది ఆకులు ఎండ తగిలే వైపు బాగా పసుపెక్కితే మెగ్నీషియం చాలడం లేదు, అర కిలో మెగ్నీషియం సల్ఫేట్ సరిపోతుంది.

నీళ్ల విషయంలో చాలామంది లెక్క తప్పేది ఇక్కడ: ఈ రోజు తాగే బొండం ఏడు నెలల క్రితం విచ్చిన పూగెలది. వేసవిలో చెట్టు ఎండితే ఆ బాధ అప్పుడే కనపడదు, పిందె రాలిపోతుంది, నిలబడిన కాయ చిన్నదవుతుంది, దసరా దాటాక "ఈ ఏడు కాయ ఎందుకో చిక్కిపోయింది" అంటాం. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా డ్రిప్ ఉంటే రోజుకు 50, 60 లీటర్లు, పాదుల్లో పెట్టేటట్టయితే నాలుగు రోజులకోసారి 200 లీటర్లు. పాదు నిండా ఎండు మట్టలు, డొక్కలు పరచండి, డొక్కలు బోర్లా పెట్టాలి, వెల్లకిలా పెడితే నీళ్లు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి. ఇసుక నేలల్లో కొబ్బరి పొట్టు వేస్తే తేమ చాలా రోజులు నిలుస్తుంది.

పురుగుల గురించి, ముఖ్యంగా ఒక మాట

బొండాల తోటలో వేరు ద్వారా పురుగుమందు పెట్టకండి. నల్లికీ ఆకుతినే పురుగుకీ వేరుకు మందు సంచి కట్టే అలవాటు మన దగ్గర ఉంది, పెట్టిన తర్వాత 45 రోజులు కాయ దింపకూడదని నియమం. ఎండుకాయ తోటలో అది కుదురుతుంది, ఉన్న కాయ ముందే దింపేసి మందు పెడతారు. బొండాల తోటలో ఎప్పుడూ ఏదో ఒక గెల కోతకు సిద్ధంగా ఉంటుంది, ఆ నీళ్లు తాగేది జ్వరం వచ్చిన పిల్లలు, ఆస్పత్రి మంచం మీద ఉన్నవాళ్లు, నెలలు నిండిన ఆడవాళ్లు. తప్పనిసరై పెట్టాల్సి వస్తే వేప మందు పెట్టండి.

కొమ్ము పురుగు మొవ్వులోకి తొలుచుకుని పోతుంది, విచ్చిన ఆకు కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తుంది. చిన్న మొక్కలకు ఇదే మొదటి శత్రువు. ఇనప కొక్కెంతో పురుగును బయటికి లాగడం పాత పద్ధతి, ఇప్పటికీ అదే ఉత్తమం. మొవ్వు దగ్గర మట్టల మొదళ్లలో ఇసుక, వేపపిండి కలిపి వేయండి, లేదా మూడు నాలుగు కలరా ఉండలు పెట్టి ఇసుకతో కప్పండి. దీని పిల్ల పురుగులు పెరిగేది మన పెంటకుప్పలోనే, కాబట్టి కుప్పను తరచూ తిరగెయ్యాలి, మెటారైజియం అనే మేలు చేసే బూజును అందులో కలిపితే అక్కడే చచ్చిపోతాయి. కొమ్ము పురుగు చేసిన గాయంలోనే ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది, అది లోపల చేరితే చెట్టు దక్కడం కష్టం, అందుకే మొదటిదాన్ని వదలకూడదు. మట్టలు పచ్చిగా ఉన్నప్పుడు మొదలుకంటా నరికి గాయం చేయకండి.

సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో కనిపించింది, అప్పటి నుంచి పొట్టి రకాల వాళ్లకు కంటి మీద కునుకు లేదు. ఆకు కింద తెల్లగా మైనం పూసినట్టు గుండ్రటి వలయాలు, కింది ఆకుల మీద నల్లటి మసి. చూడగానే టెన్షన్ పడి ఘాటు మందు కొట్టించకండి, దాన్ని తినే మేలు చేసే పురుగులు ముందు చచ్చిపోతాయి, తెల్లదోమ తిరిగి లేస్తుంది. చెట్టు అందే ఎత్తులోనే ఉంటుంది కదా, మోటారు పైపుతో ఆకు అడుగు వైపు నీళ్లు గట్టిగా కొట్టండి, జిడ్డు పూసిన పసుపు రంగు షీట్లు మొదలుకు కట్టండి, ఐసేరియా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని సాయంత్రం పూట పిచికారీ చేయండి. మసి వదలడానికి పల్చటి గంజి కొడితే ఎండాక పెచ్చులుగా ఊడిపోతుంది.

వానాకాలంలో మొవ్వు ఆకు వాలి, లాగితే ఊడి చేతికొచ్చి కుళ్లు వాసన వస్తే మొవ్వు కుళ్లు తెగులు. కుళ్లిన భాగం మొత్తం చెక్కేసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) పూసి వాన పడకుండా కుండ బోర్లించాలి, పక్క చెట్లకు ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టాలి.

ఎప్పుడు కోయాలి

అసలు విషయం ఇది. కొబ్బరి చెట్టు సుమారుగా నెలకొక ఆకు వేస్తుంది, ఆ ఆకు మొదట్లోంచి ఒక పూగెల వస్తుంది. అంటే చెట్టు మీదనే క్యాలెండరు ఉంది. ఈ నెల విచ్చుకున్న పూగెలను ఒకటి అనుకుని కిందికి లెక్క పెట్టుకుంటూ రండి. ఏడు, ఎనిమిది దగ్గరకొచ్చేసరికి ఆరు, ఏడు నెలల కాయలుంటాయి. నీళ్లు నిండుగా, తీపి ఎక్కువగా ఉండేది అప్పుడే. ఆరు నెలలకు ముందు కాయలో నీళ్లుంటాయి గానీ చక్కెర ఇంకా దిగి ఉండదు. ఎనిమిది నెలలు దాటాక కొబ్బరి దళసరి అవుతుంది, నీళ్లు తగ్గుతాయి, వాటిలోని చక్కెరా తగ్గిపోతుంది.

చలికాలంలో ఆకు వేయడం నెమ్మదిస్తుంది, ఎండాకాలంలో వేగం పెరుగుతుంది, కాబట్టి లెక్క ఒకటి అటూ ఇటూ అవుతుంది. తప్పు పోకుండా ఉండాలంటే పూగెల విచ్చిన రోజే గెల కాడకు ఒక రంగు ప్లాస్టిక్ దారం కట్టి తారీకు రాసిపెట్టుకోండి. నేను ఒక ఏడాది పాటు నాలుగు చెట్లకు అలా కట్టాను, ఆ తర్వాత దారం అవసరం లేకుండానే కన్ను అలవాటు పడింది.

కోసే ముందు ఆ గెలలో ఒక్క కాయ కొట్టి చూడండి. కొబ్బరి మొదట కాయ కింది కొనలో పట్టడం మొదలెట్టి ముచ్చిక వైపు పాకుతుంది. కింది సగంలో పల్చగా, చెంచాతో తీస్తే మీగడలా వచ్చేటట్టుంటే గెల మొత్తం సిద్ధం. మొత్తం లోపలంతా పట్టి గట్టిగా తగిలితే ఆలస్యమైంది. ఊపి చూడటం కూడా పనికొస్తుంది, చాలామంది నీళ్ల చప్పుడు వస్తే నీళ్లు ఎక్కువున్నాయని సంబరపడి అదే కొంటారు, కానీ నిండుగా ఉన్న కాయ చప్పుడు చేయదు, నీళ్లు తగ్గి లోపల ఖాళీ ఏర్పడితేనే గలగలమంటుంది.

మా ఊళ్లో దింపుకు వచ్చే పెద్దాయన చెట్టెక్కే ముందు ఎప్పుడూ ఒకటే అడుగుతాడు, "నీళ్ల కాయా, కొబ్బరి కాయా అబ్బాయ్?" నేను "నీళ్ల కాయే బాబాయ్" అంటే ఇంక ఏ గెలో చెప్పక్కర్లేదు, గోరుతో ముచ్చిక పక్కన గీరి చూసి కోసేస్తాడు. అలాంటి మనిషి దొరికితే వదులుకోకండి, ఆయన పక్కన నిలబడి నేర్చుకోండి.

అమ్మేవాళ్లయితే చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటర్ ఒకటి కొనుక్కోండి, రెండు చుక్కల నీళ్లు వేసి చూస్తే తీపి అంకెల్లో కనిపిస్తుంది. 5 దాటితే బాగున్నట్టు, 6, 7 వస్తే ఆ చెట్టును గుర్తు పెట్టుకోవాల్సిందే. కొనేవాళ్ల ముందు కూడా ఆ అంకె చూపించి మాట్లాడవచ్చు.

గెలను కిందికి విసరకండి. చిప్ప ఇంకా లేతగా ఉంటుంది, బయటికి కనపడని సన్న పగులు వచ్చినా సాయంత్రానికి నీళ్లు పులుస్తాయి. పొడుగు చెట్టయితే గెలకు తాడు కట్టి దింపాలి. కాయలు విడదీసినా ముచ్చిక ఊడకుండా చూసుకోండి, నీడలో పెట్టండి, రెండో రోజుకల్లా తాగేయండి. దూరం పంపేవాళ్లకు కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఒక పద్ధతి తయారుచేసింది. పైపీచు చెక్కిన కాయను సిట్రిక్ యాసిడ్, పొటాషియం మెటాబైసల్ఫైట్ అర శాతం చొప్పున కలిపిన నీళ్లలో మూడు నిమిషాలు ముంచి చల్లటి గదిలో ఉంచితే మూడు వారాలు పైనే నిలుస్తుంది.

బొండాలుగా కోస్తే చెట్టు నీరసిస్తుందని కొందరు భయపడతారు. నిజానికి కాయను ఏడాది పాటు మోసి ముదర పెట్టడమే చెట్టుకు భారం. ఏడో నెలలో దింపేస్తే ఆ బలం కొత్త పూగెలలకు పోతుంది, ఏడాది మొత్తం మీద కాయల సంఖ్య పెరుగుతుంది. పొటాషు మాత్రం మానకూడదు.

అలాగని అన్ని గెలలూ కోసేయకండి. మీ తోటలో అన్నిటికంటే తియ్యగా ఉన్న పొట్టి చెట్టు ఏదో ఈపాటికి మీకు తెలిసిపోయి ఉంటుంది, దాని మొదలుకు సున్నం బొట్టు పెట్టి, ఏటా రెండు గెలలు పూర్తిగా ముదరనివ్వండి. పదకొండు పన్నెండు నెలల కాయను తాడుతో దింపి, రెండు మూడు వారాల్లోపే నాటేయాలి, పొట్టి రకం కాయలో నీళ్లు తొందరగా ఇంకిపోయి మొలక చచ్చిపోతుంది. అరటి నీడలో ఇసుక మడి కట్టి, అడుగు దూరంలో కాయ పైభాగం కొద్దిగా కనపడేలా పాతి, తేమ ఆరకుండా చూస్తే రెండు మూడు నెలల్లో మొలకలు వస్తాయి. ఆలస్యంగా మొలిచినవి తీసేయండి, నారింజ రకమైతే కాడ రంగు తప్పినవి పక్కన పెట్టండి, మిగిలినవాటిలో ఏడాదికి అయిదారు ఆకులు వేసినవి ఏరుకుని తొలకరికి గోతిలోకి మార్చండి. మా దొడ్లో ఇప్పుడున్న ఎనిమిది గంగాబొండం చెట్లూ అలా ఒక్క చెట్టు కాయల నుంచి వచ్చినవే, ఏడో గెల కాయ అన్నిటిదీ ఒకటే రుచి.